తప్పొప్పుల పట్టిక

ముప్పయ్యేండ్లు మంది తప్పులు దిద్దిన చెయ్యి ఇది.
పిన్నవారి వీధి మలుపుల నా ప్రెస్సు,
చెవిమీద ఎర్రపెన్ను, ఒళ్లంత సిరా వాసన.
'విందు' ఉండాల్సిన కాడ 'మందు' అని పడితే
రెండొందల శుభలేఖలు మూలకు పడేసి
తెల్లారేసరికి మళ్ల అచ్చేసిన.
పెండ్లోళ్లకు ఇప్పటికీ తెల్వదు.

నాలుగు రంగుల మిషను అప్పుకు తెచ్చిన ఏడాదే
పెండ్లి పిలుపులన్ని ఫోన్లకెక్కినయి.
మిషను తుప్పు తిన్నది, నన్ను వడ్డీ తిన్నది.
కోర్టుల ఐపీ పెట్టిన.
ఆ రెండక్షరాలే నా ఇంటిపేరైనయి.
చౌరస్త చాయ్ హోటల్ల
"ఐపీ సోమన్న" అంటె పోరలు గూడ దారి చూపెడ్తరు.

మేడారం జాతర మూడుసార్లు వచ్చి పోయింది.
కోర్టు విడుదల కాగితం ఇచ్చింది.
చిన్న జిరాక్సు మిషనుకు
నలభై వేలు అడుగుదామని నక్కలగుట్ట బ్యాంకుకు పోతె
మేనేజరు కంప్యూటరు నా దిక్కు తిప్పిండు.
నాలుగొందల అరవై రెండు.
జ్వరం చూసే పుల్ల మీద గూడ
నన్నెవరు గంత దిగజార్చలే.

ఆ కాగితం ఇంటికి తెచ్చి
దీపం కింద పరిచి
చెవిమీది పెన్ను తీసిన.
'న' ఊడిపోయి సోమనర్సయ్య సోమఅర్సయ్య అయిండు.
కరీమాబాదుల ఇల్లు కరీంనగర్ పోయింది.
కోర్టు కొట్టేసిన బాకీ చచ్చింది గని
దాని వయసు మాత్రం నెల నెల పెరుగుతాంది.
పరకాల దిక్కు ఎవరిదో ట్రాక్టరు
నా పేర దున్నుతాంది.
నేను సైకిలు తప్ప తొక్కినోన్ని గాదు.

ఇన్నేండ్లు లోకం ప్రూఫులు చూసిన,
నా ప్రూఫు మాత్రం
నాకు చూపియ్యకుంటనే అచ్చేసిన్రు.

బ్యాంకుకు మూడు ఉత్తరాలు, సిబిల్ కు రెండు,
కోర్టు కాగితానికి ఏడు జిరాక్సులు.
నెల రోజులు ఆగుమన్నరు, ఆగిన.
మళ్ల నెల. మళ్ల ఆగిన.
ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి దిగి
ఊరంత తుమ్మే రోజులల్ల
కొత్త కాగితం వచ్చింది.
ట్రాక్టరు పరకాలకు వాపస్ పోయింది.
'న' వచ్చి దాని జాగల అది కూసున్నది.

సంబురంగ పాత ఫైలు సర్దుతాంటె
ఐపీ కాగితం బయటపడ్డది.
అప్పిచ్చినోళ్ల జాబితా, పదిహేడో నంబరు:
కొమరమ్మ, అరవై వేలు.
కొమరమ్మ ఎవరు?
పదకొండేండ్లు నా ప్రెస్సుల
కార్డులు మడత పెట్టింది కొమురమ్మ.
చిట్టి ఎత్తుకున్న పైసలు
చీర కొంగుల మూటగట్టి తెచ్చి
"సారూ, మిషను బందు కావద్దు" అన్నది కొమురమ్మ.

ఆ తప్పు నేను ఆనాడే చూసిన.
వకీలు ముంగట, ఎర్రపెన్ను చెవిమీద ఉండంగనే చూసిన.
ఒక్క కొమ్ము. దిద్దలే.
పేరు సరిగ్గ రాస్తె
మొఖం గూడ సరిగ్గ కనబడ్తదని
పేజీ తిప్పిన.

రంగశాయిపేటల వాకిట్ల కూసోని
మిర్చి తొడిమెలు తీస్తాంది.
మూడు వేలు ముంగట పెట్టిన.
"కోర్టు కొట్టేసింది గద సారు, మళ్ల ఇదేంది?"
"కోర్టు కొట్టేసింది కొమరమ్మ బాకీ.
నీది అట్లనే ఉన్నది."
ఆమెకు సమజ్ కాలే.
మిర్చి చేతులు కండ్లకు తాకకుంట
మోచేత్తోని నుదురు తుడ్సుకొని
లోపలికి చూసి మనవరాలిని పిలిచింది.

ఆరో తరగతి పిల్ల నోటుబుక్కు తెచ్చింది.
కొమ్ము ఒత్తి రాసిన: కొమురమ్మ.
మూడు వేలు ముట్టినయి.
మిగిలింది యాభై ఏడు వేలు.
తారీఖు ఏసి సంతకం పెట్టిన.

పిల్ల వంగి చదివి
నా చెవిమీది పెన్ను గుంజుకున్నది.
"తాతా, ఇది పోయిన సంవత్సరం."
కొట్టేసి పైన కొత్తది రాసింది.
కొమురమ్మ పైసలు ఇంకా ముట్టలే.
తొడిమెలు తీస్తనే ఉన్నది.